అంకెల జాడలో సూత్రాలు: గణిత స్థిరాంకాల అన్వేషణలో కంప్యూటర్

వృత్త పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే స్థిరాంకం ‘పై’. దాన్ని లెక్కగట్టడానికి 14వ శతాబ్దంలోనే కేరళ గణితవేత్త సంగమగ్రామ మాధవుడు ఒక అనంత శ్రేణిని కనుగొన్నాడు. ఒకటిలోంచి మూడో వంతు తీసివేసి, ఐదో వంతు కలిపి, ఏడో వంతు తీసివేసి, తొమ్మిదో వంతు కలుపుతూ అంతులేకుండా పోతే వచ్చేది ‘పై’లో నాలుగో వంతు. రూపంలో ఇంత సరళమైన శ్రేణి లెక్కలో మాత్రం బహు మందగమనం. 5 లక్షల పదాలు కూడి నాలుగుతో హెచ్చవేసినా ఆరో దశాంశ స్థానం దగ్గరే తప్పు వస్తుంది.

1980ల చివరలో అమెరికాలో ఒక గణితాభిమాని సరిగ్గా ఈ లెక్కనే కంప్యూటర్‌కు ఇచ్చి, ఆరో స్థానం దగ్గర ఆగకుండా ఇంకా ముందుకు చూశాడు. వచ్చిన ఫలితాన్నీ ‘పై’ అసలు విలువనూ ఆరేసి అంకెల గుంపులుగా ఒకదాని కింద ఒకటి పేర్చితే ఇలా ఉంటాయి:

శ్రేణి ఇచ్చినది: 3.141590 653589 793240 462643 383269 502884 197291
అసలు విలువ: 3.141592 653589 793238 462643 383279 502884 197169

ఒక అంకె తప్పాక తర్వాతి అంకెలన్నీ తప్పుతాయని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ అలా జరగలేదు. మొదటి గుంపు తప్పింది, రెండోది సరిగ్గా ఉంది, మూడోది తప్పింది, నాలుగోది మళ్లీ సరిపోయింది. అసలు విలువలోంచి శ్రేణి విలువను తీసివేస్తే తప్పిన గుంపుల దగ్గర తేడాలు వరుసగా 2, −2, 10, −122. వీటిని సగం చేస్తే 1, −1, 5, −61. పూర్ణాంకాల అనుక్రమాలను జాబితాగా కూర్చి నీల్ స్లోన్ 1973లో ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో వెతికితే ఇవి గణితంలో ఎప్పటినుంచో తెలిసిన ‘ఆయిలర్ సంఖ్యలు’ అని తేలుతుంది. సోదరులైన జొనాథన్ బోర్వైన్, పీటర్ బోర్వైన్, వారితో కార్ల్ డిల్షర్ కలిసి ఈ వింతకు పూర్తి కారణం చూపించి 1989లో వ్యాసం ప్రచురించారు. శ్రేణిని మధ్యలో ఆపితే మిగిలే దోషానికి కచ్చితమైన ఒక సూత్రం ఉంది, ఆ సూత్రంలోని గుణకాలే ఆయిలర్ సంఖ్యలు. పదాల సంఖ్యకు రెట్టింపు సరిగ్గా పది లక్షలు కావడంతో ఆ గుణకాలు దశాంశ స్థానాల్లో విడివిడిగా కంటికి కనిపించాయి, అంతే.

మాధవుని సంప్రదాయానికి ఈ దోషం సంగతి తెలియనిది కాదు. శ్రేణిని ఎక్కడ ఆపితే అక్కడ చివర ఏం చేర్చాలో చెప్పే సవరణ పదాలు ఆ సంప్రదాయపు గ్రంథాల్లో ఉన్నాయి. పదాల సంఖ్యను ‘న’ అనుకుంటే, వారిచ్చిన అత్యంత సూక్ష్మమైన సవరణ (న² + 1)/(4న³ + 5న). దీన్ని నాలుగుతో హెచ్చవేసి 1/(2న) ఘాతాల్లో విస్తరించి చూస్తే మొదటి మూడు గుణకాలు సరిగ్గా 2, −2, 10 అని వస్తాయి. నాలుగో గుణకం దగ్గర −122కు బదులు −50 వచ్చి దారి తప్పుతుంది. కంప్యూటర్ తెర మీద అంకెల్లో కనిపించిన వరుసలో మొదటి మూడింటిని కేరళ గణితవేత్తలు శతాబ్దాల కిందటే తర్కంతో అందుకున్నారన్నమాట.

కంప్యూటర్ సాయంతో స్థిరాంకాలకు సూత్రాలు వెతికే శాస్త్రశాఖ స్వభావమంతా ఈ ఒక్క ఉదంతంలో ఉంది. ముందు ఎక్కువ అంకెలు లెక్కించాలి. అంకెల్లో అనుకోని క్రమాన్ని గుర్తించాలి. తెలిసినదానితో పోల్చాలి. ఆ తర్వాత ‘ఎందుకు?’ అని అడగాలి. మొదటి మూడు పనుల్లో యంత్రం మనిషిని ఎన్నో రెట్లు మించిపోయింది. నాలుగో పనికి చేరేదాకా మాత్రం దొరికినది సూత్రం కాదు, సూత్రం ఉందనడానికి ఒక ఆనవాలు.

పరిశీలన పాత పద్ధతే

గణితమంటే స్వయంసిద్ధాల నుంచి తర్కంతో అడుగులు వేస్తూ పోవడమేనని పాఠ్యపుస్తకాలు మనకు ఒక భావన కలిగిస్తాయి. నిరూపణ రాసే తీరు అదే. కనుగొనే తీరు వేరు. 1, నాలుగో వంతు, తొమ్మిదో వంతు, పదహారో వంతు అంటూ వర్గసంఖ్యల విలోమాలను కూడితే ఎంత వస్తుందన్నది 17వ శతాబ్దపు ప్రసిద్ధ సమస్య. ఆయిలర్ ముందుగా ఆ మొత్తం 1.644934 అని చాలా స్థానాల వరకు లెక్కించాడు. మందంగా సాగే ఆ శ్రేణిని త్వరగా కూడే ఉపాయం ఇందుకోసమే కనిపెట్టాడు. 1735లో ఆ మొత్తం ‘పై’ వర్గంలో ఆరో వంతు అని ప్రకటించినప్పుడు, ఆయన చూపిన కారణంలో ఇంకా సందులున్నా, అంకెలు కలవడమే ఆయనకు ధైర్యమిచ్చింది.

గౌస్ దినచర్యలో 1799 మే 30న రాసుకున్న అంశం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 1నీ, 2 వర్గమూలాన్నీ తీసుకుని వాటి అంకమధ్యమం, గుణమధ్యమం కనుక్కుని, ఆ రెండింటికి మళ్లీ అదే చేస్తూ పోతే రెండూ ఒకే విలువకు చేరతాయి. ఆ విలువ విలోమం 0.83462684167… దీనికి ఏ సంబంధమూ లేనట్టు కనిపించే ఒక సమాకలనాన్ని గౌస్ లెక్కిస్తే అదే సంఖ్య వచ్చింది. పదకొండు దశాంశ స్థానాల వరకు రెండూ ఒకటే. దీనికి నిరూపణ దొరికితే విశ్లేషణ గణితంలో కొత్త రంగం తెరుచుకుంటుందని ఆయన రాసుకున్నాడు. నిరూపణా దొరికింది, రంగమూ తెరుచుకుంది. ఆ బీజంలోంచి వచ్చిన ఫలితాలనే వాడి 1976లో సాలమిన్, బ్రెంట్ విడివిడిగా ‘పై’ని అతివేగంగా లెక్కించే పద్ధతిని రూపొందించారు. ప్రతి ఆవృత్తికీ సరైన అంకెల సంఖ్య సుమారు రెట్టింపయ్యే పద్ధతి అది.

ఈ వరుసలో శ్రీనివాస రామానుజన్‌ది ప్రత్యేక స్థానం. కుంభకోణం కళాశాలలో ఉపకార వేతనం పోగొట్టుకుని 1905లో ఇల్లు విడిచి విశాఖపట్నం చేరిన ఆ యువకుడే తొమ్మిదేళ్ల తర్వాత ఇంగ్లండులో ‘పై’ విలోమానికి 17 శ్రేణులిస్తూ వ్యాసం ప్రచురించాడు. వాటిలో అన్నిటికన్నా ప్రసిద్ధమైనదానిలో 9801, 1103, 26390, 396 అనే సంఖ్యలు కనిపిస్తాయి. మొదటి పదం ఒక్కటే తీసుకున్నా ‘పై’ విలువ 3.14159273 అని వస్తుంది. ఆ తర్వాత చేర్చే ప్రతి పదం దాదాపు ఎనిమిది సరైన అంకెలను తెస్తుంది. రామానుజన్ పూర్తి నిరూపణ ఇవ్వలేదు. 1985లో బిల్ గాస్పర్ ఈ శ్రేణితోనే ‘పై’కి కోటీ 75 లక్షల అంకెలు లెక్కించే నాటికి కూడా ఎవరూ దాన్ని నిరూపించలేదు. ముఖ్యంగా 1103 అనే సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో సిద్ధాంతపరంగా తేలలేదు. గాస్పర్ అంకెలు అంతకుముందు జపాన్‌లో మరో పద్ధతితో లెక్కించినవాటితో కలవడమే 1103 సరైనదేననడానికి బలమైన ఆధారమైంది. బోర్వైన్ సోదరులు 1987 నాటి తమ గ్రంథంలో మొత్తం 17 శ్రేణులకూ నిరూపణలు ఇచ్చారు. అదే కాలంలో చుద్నోవ్‌స్కీ సోదరులు రామానుజన్ బాటలోనే పదానికి 14 అంకెలిచ్చే శ్రేణిని కనుగొన్నారు. 2022లో గూగుల్ క్లౌడ్ మీద 100 లక్షల కోట్ల అంకెలు లెక్కించడానికి వాడింది ఆ శ్రేణినే.

పూర్ణాంక సంబంధాల వేట

రామానుజన్‌కు ఉన్న చూపు అందరికీ ఉండదు. ఆ చూపు చేసే పనిలో కొంత భాగాన్నయినా యాంత్రికంగా చేయగలమా? ఈ ప్రశ్నను గణిత రూపంలోకి మార్చితే ఇలా ఉంటుంది: కొన్ని వాస్తవ సంఖ్యలను చాలా దశాంశ స్థానాల వరకు ఇస్తాం. వాటిని ఏయే పూర్ణాంకాలతో హెచ్చవేసి కూడితే సున్నా వస్తుందో కనుక్కోవాలి.

చిన్న ఉదాహరణ చూద్దాం. 2.414213562 అనే సంఖ్య ఎదురైంది. అది ఏమిటో తెలియదు. దాని వర్గం 5.828427125. ఇప్పుడు 1, ఆ సంఖ్య, దాని వర్గం అనే మూడింటి మధ్య సంబంధం వెతికితే, వర్గంలోంచి సంఖ్యకు రెట్టింపునూ ఒకటినీ తీసివేస్తే సున్నా అని దొరుకుతుంది. ఆ వర్గసమీకరణాన్ని సాధిస్తే మన సంఖ్య 1 + √2 అని తేలుతుంది. అంకెల వరుస ఒక సూత్రంగా మారింది.

రెండే సంఖ్యలుంటే ఈ పని యూక్లిడ్ నాటి గరిష్ఠ సామాన్య భాజకం పద్ధతే చేసిపెడుతుంది. మూడూ అంతకు మించీ ఉంటే సమస్య జటిలమవుతుంది. హెలమన్ ఫెర్గూసన్, రోడ్నీ ఫోర్కేడ్ 1970ల చివరలో మొదటిసారి దీనికి సాధారణ పద్ధతి కనుగొన్నారు. 1982లో లెన్‌స్ట్రా సోదరులు, లోవాజ్ మరో దారి చూపించారు. 1990ల మొదట్లో ఫెర్గూసన్ రూపొందించిన, డేవిడ్ బెయిలీతో కలిసి మెరుగుపరచిన ‘పీఎస్‌ఎల్‌క్యూ’ పద్ధతి ఈ రంగానికి ప్రధాన పనిముట్టయింది. 20వ శతాబ్దంలో అత్యంత ప్రభావం చూపిన పది గణన పద్ధతులంటూ 2000లో ఒక శాస్త్ర పత్రిక ఇచ్చిన జాబితాలో పూర్ణాంక సంబంధాల అన్వేషణ కూడా ఉంది.

ఈ పనిముట్టుకు ఒక కట్టుబాటు ఉంది. అంకెలు తక్కువగా ఇస్తే ఏదో ఒక సంబంధం తప్పకుండా దొరుకుతుంది, అది అబద్ధపు సంబంధం. పది సంఖ్యలిచ్చి ఐదంకెల గుణకాలను వెతుకుతున్నామంటే వాటిని పేర్చే తీరులు సుమారు 50 అంకెల సంఖ్యంత ఉంటాయి. కాబట్టి 50 స్థానాల వరకు యాదృచ్ఛికంగా కలిసేవి కొన్ని ఉండక తప్పదు. అందుకే కనీస అవసరాన్ని మించి, వందో రెండు వందలో స్థానాల వరకు లెక్కించి వెతుకుతారు. చిన్న గుణకాలతో సంబంధం దొరికి, అది అదనంగా లెక్కించిన స్థానాలన్నిటిలోనూ నిలబడితే దాన్ని కాకతాళీయం అనడం చాలా కష్టం.

దొరకకపోవడం కూడా ఇక్కడ ఒక ఫలితమే. సంబంధం లేకుంటే పీఎస్‌ఎల్‌క్యూ ఊరుకోదు, ‘ఇంత పరిమాణం లోపలి గుణకాలతో ఏ సంబంధమూ లేదు’ అని హద్దు గీసి చెబుతుంది. వెతకనవసరం లేని మేర ఎంతో ముందే తెలిసిపోవడం పరిశోధకుడి కాలాన్ని ఆదా చేస్తుంది.

ఇలాంటి ఆవిష్కరణకు 1993లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఒక డిగ్రీ విద్యార్థి నాంది పలికాడు. 1, 1 + 1/2, 1 + 1/2 + 1/3 అంటూ పోయే మొత్తాలను ఒక్కొక్కదాన్ని దాని పదసంఖ్యతో భాగించి, వర్గం చేసి, అన్నిటినీ కూడితే 4.59987 వస్తుందని, అది ‘పై’ నాలుగో ఘాతాన్ని 17తో హెచ్చవేసి 360తో భాగించినదానికి సమానంలా ఉందని గమనించాడు. జొనాథన్ బోర్వైన్ దీన్ని నమ్మలేదు. మరిన్ని అంకెలు లెక్కిస్తే తేడా బయటపడుతుందనుకున్నాడు. లెక్కించినకొద్దీ సమానత్వం గట్టిపడింది, ఆ తర్వాత నిరూపణ కూడా దొరికింది. అదే కోవలో ఇంకెన్నో మొత్తాలను పరిశీలించడంతో ఒక పరిశోధన ధారే మొదలైంది.

మధ్య అంకెను విడిగా అందుకోవడం

ఈ పద్ధతికి లోకప్రసిద్ధి తెచ్చినది 1995లో సైమన్ ప్లూఫ్ కనుగొన్న సూత్రం. బెయిలీ, పీటర్ బోర్వైన్, ప్లూఫ్‌ల పేర్ల మొదటి అక్షరాలతో దీన్ని ‘బీబీపీ సూత్రం’ అంటారు. ‘క’ విలువను 0, 1, 2… అని పెంచుకుంటూ పోయి కింది పదాలన్నిటినీ కూడితే ‘పై’ వస్తుంది:

(1/16^క) × [4/(8క + 1) − 2/(8క + 4) − 1/(8క + 5) − 1/(8క + 6)]

మొదటి పదం 3.133333. రెండోది కలిపితే 3.141422. మూడోది కలిపితే 3.141587. వేగంలో చుద్నోవ్‌స్కీల శ్రేణితో ఇది పోటీపడదు. దీని గొప్పతనం వేరే చోట ఉంది.

ఆ గొప్పతనం అర్థం కావాలంటే 2కు సహజ సంవర్గమానం దగ్గర మొదలుపెట్టాలి. దానికి 1/2 + 1/(2 × 4) + 1/(3 × 8) + 1/(4 × 16) + … అనే శ్రేణి చాలాకాలంగా తెలుసు. సంఖ్యను ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 అంకెలతో రాసినప్పుడు వెయ్యో స్థానం తర్వాతి అంకెలు కావాలనుకుందాం. శ్రేణిని 2 వెయ్యో ఘాతంతో హెచ్చవేసి, పూర్ణభాగాన్ని వదిలేసి, మిగిలిన భిన్నభాగాన్ని చూస్తే చాలు. ప్రతి పదంలోనూ కావలసింది 2 ఘాతాన్ని ఆ హారంతో భాగిస్తే వచ్చే శేషం మాత్రమే. ఆ శేషాన్ని వర్గాలు చేసుకుంటూ పోయి కొద్ది అడుగుల్లో రాబట్టవచ్చు. ముందున్న వెయ్యి అంకెలను లెక్కించే పనే లేదు, వాటిని దాచుకునే జ్ఞాపకశక్తీ యంత్రానికి అక్కర్లేదు.

‘పై’కి కూడా ఇలాంటి శ్రేణి ఉందా? పుస్తకాల్లో ఎక్కడా కనిపించలేదు. అప్పుడు పరిశోధకులు ఇదే అచ్చులో ఉండే శ్రేణులు కొన్నింటిని ఎంచి, వాటి విలువలను ఎక్కువ స్థానాల వరకు లెక్కించి, ‘పై’తో కలిపి పీఎస్‌ఎల్‌క్యూకు ఇచ్చారు. కొన్ని నెలల వెతుకులాట తర్వాత 4, −2, −1, −1 అనే గుణకాలు బయటపడ్డాయి. వేల సంవత్సరాలుగా మనుషులు పరిశీలిస్తున్న సంఖ్యకు ఇంత చిన్న సూత్రం అంతవరకు ఎవరి కంటా పడకపోవడం ఆశ్చర్యమే. దొరికాక నిరూపణ మాత్రం సులువైంది. సమాకలనం నేర్చిన డిగ్రీ విద్యార్థి కొన్ని పంక్తుల్లో రాయగలిగినంత సులువు. ‘పై’ అంకెల్లో ఫలానా చోటిని తెలుసుకోవాలంటే ముందున్నవన్నీ లెక్కించి తీరాలన్న నమ్మకం దీంతో చెదిరింది.

ఈ సూత్రంతో పదహారు ఆధారంగా రాసిన ‘పై’లో 1000 కోట్లవ అంకెను దాని కర్తలే లెక్కించారు. తర్వాత ఫాబ్రిస్ బెల్లార్ దీనికన్నా వేగమైన రూపం ఇచ్చాడు. 2000లో కోలిన్ పెర్సివల్ నడిపిన ప్రాజెక్టులో ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛందంగా కలిసిన కంప్యూటర్లు ద్విసంఖ్యామానంలో వెయ్యి లక్షల కోట్లవ అంకెను లెక్కించాయి. అది 0. నేడు ‘పై’ అంకెల రికార్డు నెలకొల్పినవారు తమ చివరి అంకెలు సరైనవో కావో సరిచూసుకోవడానికి ఈ కుటుంబపు సూత్రాలనే ఆశ్రయిస్తారు. మనం రోజూ వాడే దశాంశ మానంలో ఇలాంటి సూత్రం ‘పై’కి ఇంతవరకు దొరకలేదు.

అపెరీ చూపిన ఆశ

కొత్త సూత్రంతో అంకెలు ఎక్కువ రావడం ఒక లాభం. అంతకన్నా లోతైన లాభం ఇంకొకటి ఉంది. ఒక సంఖ్య రెండు పూర్ణాంకాల నిష్పత్తి కాదని, అంటే కరణీయ సంఖ్య అని నిరూపించడానికి ఒక్కోసారి సరైన సూత్రమే దారి చూపుతుంది. ఒక సంఖ్య పూర్ణాంకాల నిష్పత్తే అయితే, దానికి సమానం కాని ఇతర భిన్నాలు దానికి ఒక హద్దును దాటి దగ్గరకు రాలేవు. హారాలు పెరిగే వేగాన్ని మించి దగ్గరయ్యే భిన్నాల వరుసను చూపగలిగితే ఆ సంఖ్య కరణీయమని రుజువైనట్టే.

1978 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లుమినీలో రోజర్ అపెరీ చేసింది ఇదే. ఘనసంఖ్యల విలోమాల మొత్తాన్ని గణితంలో జీటా(3) అంటారు. విలువ 1.2020569… వర్గాల మొత్తానికి ఆయిలర్ ఇచ్చినట్టు ‘పై’తో ముడిపడిన సూత్రం దీనికి దొరకలేదు. అది కరణీయమో కాదో రెండు శతాబ్దాలకు మించి ఎవరూ తేల్చలేకపోయారు. అపెరీ అది కరణీయమని నిరూపించానన్నాడు. ఆయన బల్ల మీద పెట్టిన సూత్రాలు విన్నవారికి నమ్మశక్యంగా లేవు. లెక్కించి చూస్తే మాత్రం అవి సరిపోయాయి. కొద్ది వారాల్లో ఇతర గణితవేత్తలు వివరాలన్నీ పూరించి నిరూపణను స్థిరపరిచారు.

అపెరీ వాడిన శ్రేణుల్లో ఒకదానికి ముందు 5/2 అనే గుణకం ఉంటుంది. ఐదో, ఏడో ఘాతాల విలోమాల మొత్తాలైన జీటా(5), జీటా(7)లకు కూడా అలాంటివి ఉంటాయా అని వెతకడం సహజం. అచ్చంగా అదే రూపంలో చిన్న గుణకంతో జీటా(5)కు ఏదీ లేదని యంత్రం హద్దు గీసింది. 1990లలో జొనాథన్ బోర్వైన్, డేవిడ్ బ్రాడ్లీ రూపాన్ని కొంచెం విస్తరించి వెతికితే జీటా(7)కు 5/2, 25/2 గుణకాలతో కొత్త సూత్రం దొరికింది. అక్కడితో ఆగకుండా జీటా(11), జీటా(15) మొదలైనవాటికీ అలాంటివి రాబట్టి, అన్నిటినీ కలిపే ఒక్క సాధారణ సూత్రాన్ని ఊహించారు. అల్మ్‌క్విస్ట్, గ్రాన్‌విల్ 1999లో దాన్ని నిరూపించారు. విడివిడి సూత్రాల కన్నా వాటన్నిటి వెనకున్న ఒక్క కారణం పట్టుబడటమే ఇక్కడి అసలు విజయం.

అయినా జీటా(5) కరణీయమని ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. జీటా(5), జీటా(7), జీటా(9), జీటా(11)లలో కనీసం ఒకటి కరణీయమని 2001లో వదిమ్ జుదిలిన్ చూపించాడు. ఆ ఒకటి ఏదో తెలియదు.

రామానుజన్ పేరు పెట్టుకున్న యంత్రం

2021 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో ఇజ్రాయెల్ టెక్నియాన్ సంస్థకు చెందిన ఇడో కామినర్ బృందం ఒక వ్యాసం ప్రచురించింది. తమ పద్ధతికి వారు ‘రామానుజన్ యంత్రం’ అని పేరు పెట్టారు. ఇది వెతికేది గొలుసు భిన్నాలను, అంటే హారంలో మరో భిన్నం, దాని హారంలో ఇంకో భిన్నం ఉంటూ అంతులేకుండా సాగేవాటిని. రామానుజన్‌కు ప్రీతిపాత్రమైన రూపమది.

వెతికే తీరు రెండు వైపుల నుంచి సాగుతుంది. ఒకవైపు ఎంచుకున్న స్థిరాంకంతో, చిన్న పూర్ణాంకాలతో కట్టగల సరళమైన భిన్నాలన్నిటి విలువలనూ లెక్కించి పట్టిక చేస్తారు. మరోవైపు అంకెలు ఒక క్రమంలో పెరిగే గొలుసు భిన్నాలను లక్షల సంఖ్యలో తయారుచేసి, వాటి విలువలు లెక్కించి ఆ పట్టికలో వెతుకుతారు. మొదట తక్కువ స్థానాల వరకు పోలుస్తారు. అక్కడ కలిసినవాటిని ఎక్కువ స్థానాల వరకు మళ్లీ లెక్కిస్తారు. కాకతాళీయంగా కలిసినవి ఈ రెండో వడపోతలో రాలిపోతాయి.

ఈ యంత్రానికి దొరికిన వాటిలో ఒకటి జేబు కాలిక్యులేటర్‌తో సరిచూసుకునేంత సరళమైనది. సహజ సంవర్గమానాలకు ఆధారమైన 2.71828… అనే ఆయిలర్ స్థిరాంకాన్ని, దానిలోంచి 2 తీసివేస్తే మిగిలేదానితో భాగించాలి. ఆ విలువకు సమానమైన గొలుసు భిన్నం ఇది:

4 − 1/(5 − 2/(6 − 3/(7 − 4/(8 − …))))

4 దగ్గరే ఆపితే 4. తర్వాతి మెట్టులో 3.8. ఆ తర్వాత 3.785714, 3.784530, 3.784431. చేరవలసిన విలువ 3.784422. ఐదు మెట్లలోనే నాలుగు దశాంశ స్థానాలు కుదిరాయి. లవాలు 1, 2, 3, 4. హారాలు 4, 5, 6, 7, 8. ఇంత తేలిక క్రమంలోంచి ఆ స్థిరాంకం ఎందుకు బయటపడాలన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది.

యంత్రం తానుగా ఏదీ నిరూపించదు. ఊహలను ప్రకటించి, నిరూపణ పనిని గణిత లోకానికి వదిలింది. వాటిలో చాలావాటికి త్వరలోనే నిరూపణలు వచ్చాయి. కొన్ని ఊహలు ఆయిలర్, గౌస్‌ల నాటి సిద్ధాంతాల నుంచే రాబట్టదగ్గవని, అందువల్ల వాటి కొత్తదనం పరిమితమని విమర్శలూ వచ్చాయి. ఆ విమర్శలో న్యాయముంది. అంకెలతో పట్టిక నింపే యంత్రానికి ఏది పాత సత్యానికి కొత్త చొక్కానో, ఏది నిజంగా కొత్తదో తేల్చే శక్తి లేదు. అదే సమయంలో, బేసి సంఖ్యల వర్గాల విలోమాలను ఒకటి కలిపి ఒకటి తీసివేస్తూ పోతే వచ్చే, కరణీయమో కాదో ఇంకా తేలని కాటలాన్ స్థిరాంకానికి యంత్రం ఇచ్చిన గొలుసు భిన్నాలు ఆ సంఖ్యను వేగంగా లెక్కించే దారులు తెరిచాయి. ఆ బృందం తర్వాతి దశలో విడివిడి సూత్రాల జాబితాను పక్కనపెట్టి, ఒకే స్థిరాంకానికి చెందిన అనేక గొలుసు భిన్నాలను ఒక్క గణిత నిర్మాణంలో ఇమిడ్చే ప్రయత్నం చేసి 2024లో ఫలితాలు ప్రచురించింది. జాబితా నుంచి కారణం వైపు సాగిన ఈ మలుపు విమర్శకు సరైన జవాబు.

అంకెలు మోసం చేసే చోట్లు

ఎన్ని అంకెలు కలిస్తే నమ్మాలి? దీనికి నిర్ణీత హద్దు లేదు. ఒక కోణపు కొసైన్‌ను, ఆ కోణంలో సగం, మూడో వంతు, నాలుగో వంతు మొదలైనవాటి కొసైన్‌లతో అంతులేకుండా హెచ్చవేసి, రెట్టింపు కోణపు కొసైన్‌తోనూ హెచ్చవేసి, 0 నుంచి అనంతం వరకు సమాకలనం చేస్తే వచ్చే విలువ ‘పై’లో ఎనిమిదో వంతుతో 41 దశాంశ స్థానాల వరకు కలుస్తుంది. 42వ స్థానంలో విడిపోతుంది. రెండూ సమానం కావు.

బోర్వైన్‌ల పేరుతోనే ప్రసిద్ధమైన మరో ఉదాహరణ ఇంకా బోధపరుస్తుంది. కోణపు సైన్‌ను ఆ కోణంతో భాగించిన ప్రమేయాన్ని సమాకలనం చేస్తే ‘పై’లో సగం వస్తుంది. దాన్ని కోణంలో మూడో వంతుకు చెందిన అలాంటి ప్రమేయంతో హెచ్చవేసినా అదే విలువ. ఐదో వంతు, ఏడో వంతు, అలా పదమూడో వంతు వరకు చేర్చినా అదే విలువ. పదిహేనో వంతును చేర్చగానే విలువ కొద్దిగా తగ్గుతుంది. పదకొండో దశాంశ స్థానం దాకా చూస్తే గాని ఆ తగ్గుదల కనబడదు. కంప్యూటర్‌లో ఈ ఫలితం చూసినవారు సాఫ్ట్‌వేర్ దోషమనుకోవడం సహజం. కారణం తెలిస్తే అనుమానం తీరుతుంది. 1/3 నుంచి 1/13 వరకు బేసి సంఖ్యల విలోమాలు కూడితే 0.955, ఒకటికి లోపే. 1/15 కలిపితే 1.022, ఒకటిని దాటింది. ఈ మొత్తం ఒకటిని దాటనంతవరకే సమానత్వం నిలుస్తుంది. వరుసగా ఏడుసార్లు నిజమైనది ఎనిమిదోసారి ఎందుకు విఫలమైందో అంకెలు చెప్పలేవు, నిరూపణ చెప్పింది.

దీనికి మరోవైపు కూడా ఉంది. ఆయిలర్ స్థిరాంకాన్ని, ‘పై’నీ 163 వర్గమూలాన్నీ హెచ్చవేస్తే వచ్చే ఘాతానికి పెంచితే 262537412640768743.99999999999925… వస్తుంది. ఇది పూర్ణాంకం కాదు, పూర్ణాంకానికి నమ్మలేనంత దగ్గర. ఇది కాకతాళీయమా అంటే కాదు. 163 అనే సంఖ్యకు సంఖ్యాశాస్త్రంలో ఉన్న ఒక అరుదైన లక్షణం వల్లే ఇలా జరుగుతుంది. రామానుజన్ శ్రేణులు అంత వేగంగా పనిచేయడానికీ, చుద్నోవ్‌స్కీల శ్రేణిలోని పెద్ద సంఖ్యలకూ మూలం ఆ లక్షణాన్ని వివరించే సిద్ధాంతంలోనే ఉంది. సమానం కాని చోట కూడా లోతైన కారణం ఉండవచ్చు, సమానమనిపించిన చోట ఏ కారణమూ లేకపోవచ్చు. ఈ రెంటినీ వేరు చేసేది అంకెల సంఖ్య కాదు.

యంత్రానికి ఏది అప్పగించాలి?

నిరూపణ పని ఎప్పటికీ మనిషిదేనా అంటే అదీ కాదు. 1990 ప్రాంతంలో హెర్బర్ట్ విల్ఫ్, డోరన్ జైల్‌బర్గర్ రూపొందించిన పద్ధతి కొన్ని తరహాల శ్రేణులకు నిరూపణను కూడా కంప్యూటర్ చేతే రాయిస్తుంది. స్పెయిన్‌కు చెందిన హెసుస్ గిలేరా ‘పై’ వర్గం విలోమానికి రామానుజన్ ఫక్కీలో శ్రేణులు కనుగొని, వాటిలో కొన్నింటిని ఈ పద్ధతితోనే నిరూపించాడు. మిగిలినవాటికి అంకెల ఆధారం బలంగా ఉన్నా నిరూపణ సులువుగా లొంగలేదు. ఏ తరహా సూత్రానికి ఏ తరహా నిరూపణ యాంత్రికంగా దొరుకుతుందో తెలుసుకోవడమే ఇప్పుడు ఒక పరిశోధనాంశం.

కాబట్టి హద్దు మనిషికీ యంత్రానికీ మధ్య లేదు, ఆనవాలుకూ కారణానికీ మధ్య ఉంది. బీబీపీ సూత్రం వెతుకులాటలో గణన యంత్రానిది. కానీ సంవర్గమానపు శ్రేణి అచ్చులోనే వెతకాలన్న ఆలోచన ముందు లేకపోతే యంత్రానికి ఏం ఇవ్వాలో ఎవరికీ తెలిసేది కాదు. జీటా(7) సూత్రం దొరికిందీ, మొదట తప్పిన రూపాన్ని ఎటు విస్తరించాలో గణితవేత్తకు తోచడం వల్లే. వెతికే మేర అపారమైనది. అందులో ఎక్కడ వెతకాలన్నది అప్పటికే తెలిసిన గణితం చెబుతుంది. దొరికిన సూత్రం ఆ గణితాన్ని ఇంకొంత విస్తరిస్తే, తర్వాతి వెతుకులాటకు కొత్త మేర దొరుకుతుంది.

ఈ పని నేడు పెద్ద సంస్థలకే పరిమితం కాదు. ఫ్రాన్స్‌లో రూపొందిన పారి, పైథాన్ భాషలో నడిచే ఎంపీమ్యాథ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో పూర్ణాంక సంబంధాలు వెతికే సదుపాయం సిద్ధంగా ఉంది. సాధారణ లాప్‌టాప్ మీద వందల స్థానాల వరకు సెకన్లలో లెక్కించవచ్చు. మన డిగ్రీ కళాశాలల గణిత తరగతుల్లో అనంత శ్రేణులు చెప్పేటప్పుడు వీటిని వాడితే, విద్యార్థి సూత్రాన్ని కంఠస్థం చేయడానికి ముందే అది ఎలా కంటపడుతుందో స్వయంగా చూడగలడు. అయితే అక్కడే ఆపకూడదు. వంద అంకెలు కలిశాయని విద్యార్థి చెప్పినప్పుడు ఉపాధ్యాయుడు అడగవలసింది ఇంకా ఎన్ని అంకెలు లెక్కించావని కాదు, ఎందుకు కలుస్తున్నాయని. జీటా(5), కాటలాన్ స్థిరాంకం వంటివి ఇంకా లొంగకుండా ఉన్నది ఆ రెండో ప్రశ్న దగ్గరే. వాటి అంకెలు కోట్ల కొద్దీ మన దగ్గర ఉన్నాయి, కావలసింది కారణం.